తాడు విప్పిన నిచ్చెన

మెట్ల గదిలో పైకప్పుకు చేరువగా, నిచ్చెన మీద, కొంగక్క ఉన్నట్టుండి ఆగిపోయింది. చేతిలో బ్రష్షు గాలిలోనే ఉంది. దాని కొసనుంచి రంగు చుక్క ఒకటి మణికట్టు మీదుగా మోచేతి దాకా జారింది. ఆమె తుడుచుకోలేదు.

కింద నిచ్చెన పట్టుకుని ఉన్న తమ్ముడు తల ఎత్తి చూశాడు. "ఏమైందక్కా, రంగు అయిపోయిందా?" అని అడిగాడు.

"రంగు ఉందిరా. కాలే లేదు."

ఆమె మాటలో ఎప్పుడూ సగం ఎగతాళి ఉంటుంది కాబట్టి తమ్ముడు నవ్వబోయాడు. ముఖం చూసి నవ్వు మింగేశాడు. ఎడమ పాదం లోపల, అరికాలి వంపు ఉండాల్సిన చోట, ఎండుపుల్ల విరిగినట్టు ఏదో కలుక్కుమంది. వెంటనే అక్కడ నిప్పు రాజేసినట్టు వేడి. ఆ పాదం మీద కాస్త బరువు వేసినా కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. కుడికాలి మీదే నిలబడి, పడిపోకుండా గోడకు అరచెయ్యి ఆనించింది. ఆ గోడకు అప్పుడే రంగు వేసి ఉంది. అయిదు వేళ్ళూ అచ్చు పడ్డాయి.

"ఒరేయ్, రెండు మెట్లు పైకి రా. నీ భుజం మీద కాలు పెట్టుకుని దిగుతాను."

తమ్ముడు మొదటి మెట్టు మీద పాదం పెట్టాడు. రెండో మెట్టు ఎక్కాడు. మూడో మెట్టు దగ్గర అతని మోకాళ్ళు వణకసాగాయి. ఆ వణుకు నిచ్చెన కర్రల గుండా పైకి పాకి ఆమె కుడి అరికాలికి తెలిసింది. నిచ్చెన నిలబడింది మెట్ల మలుపులో ఉన్న చిన్న చదును మీద. దాని కాలు ఒక జానెడు పక్కకు జరిగితే చాలు, కింద మెట్లే. ఇంకొక్క క్షణం అతను అలాగే ఉంటే ఇద్దరూ పోతారని ఆమెకు అర్థమైంది.

"దిగు. నువ్వు దిగి కింద పట్టుకో, చాలు," అంది మెల్లగా.

అతను దిగాడు. ఆమె పసిపిల్ల మెట్లు దిగినట్టు ఒక్కో మెట్టు మీదా కూర్చుంటూ, జరుగుతూ, ఎడమకాలు గాలిలో పెట్టి, చివరికి నేల మీదికి వచ్చింది. తమ్ముడు ఆమె కళ్ళలోకి చూడలేదు. ఆమె కూడా పైన గోడ మీది చేతి ముద్రనే చూస్తూ, "ఇల్లుగలావిడ చూస్తే మనల్ని సున్నంలో కలిపేస్తుంది," అంది.

కొంగక్క అసలు పేరు రంగుల పనివాళ్ళలో ఎవరికీ తెలియదు. నిచ్చెన మీద ఆమె నిలబడే తీరును బట్టి ఆ పేరు వచ్చింది. ఎడమ పాదం వంపు సరిగ్గా మెట్టు మీద ఆనించి, ఒళ్ళంతటి బరువూ దాని మీదే వేసి, కుడికాలు పై మెట్టుకు ఊరికే తాకించి, మెడ చాచి పైకప్పు మూలలు దిద్దుతుంది. చెరువులో కొంగకూ ఆమెకూ తేడా ముక్కు ఒక్కటే అని మేస్త్రీలు అనేవారు. ఆమె పట్టించుకునేది కాదు. సీలింగ్ అంచు గీత, రంగు పక్కకు అంటకుండా అతికించే మాస్కింగ్ టేపు లేకుండా తిన్నగా వేయగల చెయ్యి ఆ చుట్టుపక్కల ఆమెదొక్కటే. పని ముగించి దిగి, తలెత్తి ఆ గీతను ఒకసారి చూసుకున్నప్పుడు తప్ప ఆమె ముఖంలో గర్వం కనిపించేది కాదు.

ఆమెకు ఇంకో విద్య కూడా ఉంది. రెండు పక్కలా కాళ్ళుండే మడత నిచ్చెన మీద గుర్రమెక్కినట్టు రెండు వైపులా కాళ్ళు వేసి, నడుము ఇటూ అటూ ఊపుతూ, దిగకుండానే నిచ్చెనను గోడ వెంట నడిపించేది. ఈ పని తెలిసిన వాళ్ళంతా చేస్తారు, చేయకూడదని కూడా అందరికీ తెలుసు. అందుకే నిచ్చెన రెండు భాగాలూ ఒకదానికొకటి దూరం జరిగిపోకుండా మధ్యలో ఒక తాడు కట్టి ఉంచుతారు. ఆ తాడు మీదే అందరి ప్రాణమూ.

తమ్ముడికి ఎత్తంటే ఎందుకు భయం పట్టుకుందో వాళ్ళిద్దరికే తెలుసు. కొన్నాళ్ళ కిందట ఒక పెద్ద హాలుకు రంగులు వేస్తున్నప్పుడు, బకెట్టు కిటికీ గుండా పైకి లాగడానికి తాడు దొరక్క అతను నిచ్చెన తాడు విప్పాడు. మళ్ళీ కట్టడం మరిచిపోయాడు. అక్క నిచ్చెన ఎక్కి నడిపించింది. నాలుగడుగులు నడిచిన నిచ్చెన అయిదో అడుగుకు రెండు కాళ్ళూ చాపేసింది. ఆమె నిచ్చెనతో పాటే కిందికి వచ్చింది. ఎడమ పాదం మెట్టుకూ నిలువు కర్రకూ మధ్య ఇరుక్కుని మెలితిరిగింది. తమ్ముడు చేతిలో బకెట్టు తాడు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

ఆమె లేచి, కుంటుకుంటూ వెళ్ళి ఆ తాడు అతని చేతిలోంచి తీసుకుని, నిచ్చెనకు కట్టింది. "బావకు చెప్పకు," అంది. అంతే. మళ్ళీ ఆ మాట ఇద్దరి మధ్యా రాలేదు. కానీ ఆ రోజునుంచి అతను తన తల ఎత్తు దాటి పైకి వెళ్ళలేదు. కింది గోడలు అతనివి, పై గోడలు ఆమెవి. మెడనొప్పి అని కొందరికి, కళ్ళు తిరుగుతాయని కొందరికి చెప్పుకున్నాడు. ఆమె దిగిపోతే పైకి ఎక్కేవాళ్ళు లేరు. పైకి ఎక్కేవాళ్ళు లేని జంటకు పని ఎవరిస్తారు?

ఇంట్లో మాత్రం తడి గచ్చు మీద జారానని చెప్పింది. ఆమె భర్త చెప్పులు కుట్టే మనిషి. బజారు వీధిలో ఒక భవనం మెట్ల కింద, నిటారుగా నిలబడితే తల తగిలేంత చోటులో ఆయన దుకాణం. మాట తక్కువ, చేతిపని ఎక్కువ. పెళ్ళాం జారిందని వినగానే ఉలీ సుత్తీ పట్టుకుని స్నానాల గది గచ్చంతా గాట్లు పెట్టేశాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ జారలేదు గానీ, అందరి మడమలూ గీరుకుపోయేవి. వచ్చిన చుట్టం ఒకాయన, మీ ఇంట్లో స్నానం చేస్తే ఒళ్ళు రుద్దుకోవడానికి రాయి వేరే అక్కర్లేదు అని వెళ్ళాడు. అక్కాతమ్ముళ్ళు తలలు వంచుకున్నారు.

మెట్ల గదిలో కాలు కలుక్కుమన్న ఆ సాయంత్రం తమ్ముడు ఆమెను ఆటోలో ఇంటికి తెచ్చేసరికి పాదం పొంగి, చెప్పు పట్టడం లేదు. భర్త పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని చూశాడు. ముట్టుకుంటే వేడి. అరికాలి వంపు ఎప్పుడో చదునైపోయింది. అది ఆయనకు తెలుసు. చదును పాదాలకు మామూలుగా చేసినట్టే చెప్పులో మడమ కింద లోపలి వైపు ఎత్తు పెట్టి ఇచ్చాడు కూడా. ఆమె వేసుకుని, బాగుందండీ అంది. బాగోలేదు, నొప్పి పెరిగింది. ఆయన మనసు కష్టపెట్టడం ఎందుకని చెప్పలేదు.

ఆయనను కొన్నాళ్ళుగా తొలుస్తున్నది ఇంకొకటి. చదును పాదం వాళ్ళ చెప్పు లోపలి అంచున అరుగుతుంది. ఈమె చెప్పులు బయటి అంచున అరుగుతున్నాయి. ఇన్నేళ్ళలో ఎన్ని వందల జతలు తిరగేసినా ఇలాంటిది చూడలేదు. మరునాడు ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు ఆ జత ఒక గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

ఎముకల డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుగుపలక మీద పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత పెన్ను కొసతో ఒక చోట చూపించింది. చీలమండకు కొంచెం ముందు, పాదం వంపుకు పైకొసన, పడవ ఆకారంలో ఒక చిన్న ఎముక ఉండాలట. వెనకనుంచి ఒక ఎముకా ముందునుంచి కొన్ని ఎముకలూ దాన్ని నడిచే ప్రతి అడుగుకూ నొక్కుతుంటాయట. పైగా దాని నడిమి భాగానికి రక్తం అందేదే అంతంతమాత్రం. ఇప్పుడు ఆ పడవ ఒక పక్క నలిగిపోయి, ఇంకో పక్కకు తోకలా మిగిలింది.

"ఎముక కూలిపోయిందమ్మా. ఇది నిన్న ఒక్కరోజులో అయింది కాదు. ఎందుకు కూలిందో నాకు తెలియాలి. కారణాన్ని బట్టి మందు మారుతుంది, భయం కూడా మారుతుంది. నేను అడిగినవాటికి ఉన్నదున్నట్టు చెప్పండి."

కొంగక్క బల్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఒక పక్క భర్త, ఇంకో పక్క తమ్ముడు. దాటుకుని పోవడానికి చోటు లేదు.

మొదటి భయం షుగర్. అది ముదిరి పాదాలకు స్పర్శ పోతే, ఎముకలు విరుగుతున్నా మనిషికి తెలియదు, నడుస్తూనే ఉంటాడు, పాదం లోపల గుల్లైపోతుంది, కొన్నిసార్లు పాదమే దక్కదు అని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాన్ పోగు ఒకటి తీసి అరికాలి మీద అక్కడా ఇక్కడా ఆనించింది. తగిలినప్పుడల్లా చెప్పాలి. "ఇక్కడ," అంది కొంగక్క. కాసేపు ఏమీ లేదు. తమ్ముడి చెయ్యి బల్ల అంచును బిగించి పట్టుకుంది. "ఇక్కడ... బొటనవేలు కింద." ఇంకా కాసేపు. "అమ్మా, గిలిగింతలు పెడుతున్నారా, పరీక్ష చేస్తున్నారా?"

డాక్టరమ్మ నవ్వి పోగు పక్కన పెట్టింది. రక్తపరీక్షలోనూ షుగర్ లేదని తర్వాత తేలింది. కీళ్ళవాతం లేదు, చీము పట్టిన గుర్తులు లేవు. ఆయాసానికో నొప్పులకో పేరు తెలియని మాత్రలు ఏళ్ళ తరబడి మింగిందా అని అడిగింది. స్టెరాయిడ్ మాత్రలైతే ఎముకకు రక్తం ఆగి లోపలే చచ్చిపోవచ్చట. లేదంది. మద్యం అలవాటు ఉందా అంటే భర్త జవాబిచ్చాడు. రంగు డబ్బా మూత తీస్తేనే ఈమెకు తల తిరుగుతుందండీ అన్నాడు. నిచ్చెన మెట్టు మీద ఎన్నేళ్ళుగా అలా పాదం వంపుతో నిలబడుతోందో విని డాక్టరమ్మ తల పంకించింది. ఒకే చోట రోజూ భారం పడితే సన్నటి బీట పుట్టి పెరగవచ్చు అంది.

"ఆ పాదానికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?"

"తడి గచ్చు మీద జారానమ్మా ఒకసారి," అంది కొంగక్క.

"పాదం ఏ పక్కకు మడతపడింది?"

ఆమె కల్పించిన కథలో పాదం ఏ పక్కకూ పడలేదు. అంత దూరం ఆలోచించలేదు. "లోపలికి... కాదు, ముందుకి," అంది. డాక్టరమ్మ రాయడం ఆపి ఆమె ముఖంలోకి చూసింది. భర్త కూడా చూశాడు. గది బయట ఎవరో చక్రాల కుర్చీ తోసుకుపోతున్న చప్పుడు దగ్గరకు వచ్చి, దాటి, దూరమైంది.

"జారలేదండీ," అన్నాడు తమ్ముడు.

"ఒరేయ్," అంది అక్క.

"ఉండక్కా. ఆవిడ మందిచ్చేది గచ్చుకు కాదు, నీకు." అతను డాక్టరమ్మతోనే మాట్లాడాడు, బావ వైపు తిరగలేదు. తాడు విప్పింది తనేననీ, కట్టడం మరిచింది తనేననీ, పాదం మెట్టులో ఇరుక్కుని పూర్తిగా మెలితిరిగిందనీ, మరునాడు కూడా అక్క అదే కాలితో నిచ్చెన ఎక్కిందనీ, ఎక్కింది తను ఎక్కలేకపోయినందుకేననీ ఒక్కొక్కటీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ అరచేతులు ప్యాంటుకు రుద్దుకుంటూనే ఉన్నాడు.

భర్త చంకలో గుడ్డ మూట సర్దుకున్నాడు. అందరూ ఆయన అనబోయేదాని కోసమే ఆగారు. చివరికి అన్నాడు:

"ఇన్నాళ్ళూ నేను గచ్చును తిట్టుకున్నాను."

అంతకన్నా తనను తిట్టి ఉంటే బాగుండేదని తమ్ముడికి అనిపించింది.

డాక్టరమ్మ వాళ్ళ సంగతిలో జోక్యం చేసుకోలేదు. ఆ గాయంతో పుట్టిన బీట మానకముందే రోజూ నిలబడితే ఎముక ఇలా కూలే వీలుందని మాత్రం చెప్పింది. అప్పుడు భర్త చంకలో మూట విప్పి చెప్పుల జత బల్ల మీద పెట్టాడు. "దెబ్బ తగిలింది ఎడమ కాలికండీ. మరి రెండు చెప్పులూ బయటివైపే ఎందుకు అరిగాయి?" అన్నాడు. నిలదీయడానికి కాదు, ఆయన అడిగింది తెలియకే.

డాక్టరమ్మ చెప్పులు తిరగేసి చూసింది. కొంగక్కను ఆసరాతో నిలబెట్టి వెనకనుంచి మడమలు చూసింది. ఎడమది ఎక్కువగా, కుడిది కొద్దిగా, రెండూ లోపలికి ఒరిగి ఉన్నాయి. ఈ ఎముక ఇలా నలిగినప్పుడు పాదం చదునవుతూనే మడమ మాత్రం లోపలికి తిరుగుతుందట, బరువు బయటి అంచు మీద పడుతుందట. కుడి పాదానికి కూడా ఎక్స్‌రే రాసింది.

ఆ కాగితం పట్టుకుని వరండాలో కూర్చున్న సమయమే అన్నిటికన్నా కష్టంగా గడిచిందని కొంగక్క ఇప్పటికీ అంటుంది. కుడి పాదం బాగుంటే తప్పు తమ్ముడిది. బాగోలేకపోతే తనకు రెండు కాళ్ళూ పోయినట్టే. ఏది కోరుకోవాలో తెలియలేదు. భర్త ఒక కొసన, తమ్ముడు ఇంకో కొసన, మధ్యలో ఆమె. మంచినీళ్ళ సీసా ఒకటే ఉంది. అది ఆమె చేతుల మీదుగా అటూ ఇటూ వెళ్ళింది. వాళ్ళిద్దరూ ఒకరికొకరు అందించుకోలేదు.

కుడి పాదంలోనూ ఆ పడవ ఒక పక్క సన్నబడుతోంది. ఇంకా కూలలేదు.

"అయితే పడటం ఒక్కటే కారణం కాదు," అంది డాక్టరమ్మ. "మీరు చిన్నప్పుడు తిండికి ఇబ్బంది పడ్డారా? బరువులు మోశారా? పాదంలో అన్నిటికన్నా ఆలస్యంగా గట్టిపడే ఎముక ఇది. అది మెత్తగా ఉన్న వయసులో ఒంటికి తిండి చాలక, పైన భారం పడితే, అప్పుడే దాని ఆకారం కొంచెం దెబ్బతింటుంది. నడివయసులో బయటపడుతుంది."

కొంగక్కకు నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయింది. నాన్న పని చేసే ఇటుకల బట్టీ మూతపడి, అమ్మ నాలుగిళ్ళ అంట్లు తోమడానికి పోయిన కాలంలో, ఇంకా పాలపళ్ళయినా ఊడని తను, నేల మీద దించితే ఊరు ఎగిరిపోయేలా ఏడ్చే బొద్దు పిల్లాణ్ణి పొద్దస్తమానం చంకనేసుకుని తిరిగింది. ఇంట్లో ఉన్న గంజిలో చిక్కటిది వాడికి, పలచటిది తనకి. ఆ సంగతి చెప్పి, పక్కనున్న బొద్దు పిల్లాణ్ణి గడ్డంతో చూపించింది.

తమ్ముడు ఎక్స్‌రే వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. "అయితే అటు నుంచి చూసినా నేనే, ఇటు నుంచి చూసినా నేనేనా?"

బావ తల తిప్పుకున్నాడు. నవ్వాడో లేదో ఎవరికీ కనిపించలేదు.

తమ్ముళ్ళను మోసిన పిల్లలందరికీ ఇలా కాదని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. కొందరికి ఎందుకు వస్తుందో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదట. చిన్నప్పటి మెత్తదనం కొంత, ఏళ్ళ తరబడి మెట్టు మీద నిలబడటం కొంత, ఆ మెలిక కొంత కలిసి ఉండవచ్చు. ఇదిగో ఇదే అని తాను వేలు పెట్టి చూపించలేనంది. ప్రస్తుతానికి ఎడమకాలికి కట్టు, చంకకర్రలు, ఆ పాదం నేలకు ఆనకూడదు. తర్వాత చెప్పులో మడమ కింద బయటి వైపు ఎత్తు. అలా చెబుతుండగా భర్త తన చేతులకేసి చూసుకున్నాడు, ఆయన పెట్టింది లోపలి వైపు. అప్పటికీ నొప్పి తగ్గకపోతే ఆపరేషన్ చేసి ఎముకలు కలపాల్సి రావచ్చు.

"ఒక్క గోడ మిగిలిందమ్మా. అది దిద్దేసి వచ్చి కట్టు వేయించుకుంటాను," అంది కొంగక్క.

"గోడ ఆగుతుంది. ఈ ఎముక ఆగదు. నిచ్చెన మెట్టు మీద నిలబడే పని ఇక మీకు లేదమ్మా."

అప్పటిదాకా నవ్వుతున్న మనిషి కట్టు వేస్తున్నంతసేపూ ఆ గది పైకప్పు అంచునే చూస్తూ ఉండిపోయింది.

ఇల్లుగలావిడ కబురు మీద కబురు పంపింది. పైకప్పు దగ్గర ఆ చెయ్యి ముద్ర అలా ఉంటే, వచ్చేపోయేవాళ్ళు ఇంట్లో దొంగలు పడ్డారా అని అడుగుతున్నారట. వేరే మనుషుల్ని పిలుస్తానంది. తమ్ముడు విన్నాడు గానీ నిచ్చెన జోలికి పోలేదు. కొంగక్క కూడా ఎక్కమని అనలేదు. అలా అనడానికి ఆమెకు నోరు రాలేదు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం బావ దుకాణానికి పోకుండా తమ్ముడి గుమ్మం ముందు నిలబడ్డాడు. చేతిలో మందపాటి తోలు పట్టీ ఉంది. రెండు కొసలా ఇనుప రింగులు, చుట్టూ ఒత్తుగా కుట్టు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన అతనితో మాట్లాడటం అదే మొదలు.

"నిచ్చెన ఎక్కడ?"

తమ్ముడు చూపించాడు. బావ పాత తాడు కోసి అవతల పారేసి, పట్టీని రెండు పక్కలా కర్రకు బోల్టులు వేసి బిగించాడు. రెండు చేతులా పట్టుకుని లాగి చూశాడు.

"ఇది విప్పాలంటే నా దగ్గరికి రావాలి," అని చెప్పి, పనిముట్లు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

మెట్ల గదిలో నిచ్చెన మళ్ళీ ఆ మలుపులోనే నిలబడింది. కొంగక్క ఖాళీ రంగు డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంది. కట్టు కాలు ఇంకో డబ్బా మీద చాపింది. చంకకర్రలు గోడకు ఆనించి ఉన్నాయి. నిలబడి నిచ్చెన పట్టుకునే వీలు లేదు కనుక, వీపు నిచ్చెన కాళ్ళకు గట్టిగా ఆనించింది.

తమ్ముడు ఎక్కాడు. మూడో మెట్టు దగ్గర వణుకు మొదలైంది. ఈసారి అది ఆమె వీపుకు తెలిసింది, జ్వరం వచ్చినవాడు ఆనుకుని కూర్చున్నట్టు. ఆమె తల ఎత్తలేదు. కదలలేదు.

"అక్కా, పట్టుకున్నావా?"

"పట్టుకోలేదురా. ఆనుకున్నాను. నేను లేస్తే కదా అది కదిలేది. నాకు లేచే యోగం ఇప్పట్లో లేదు."

వణుకు ఆగలేదు. కానీ ఇంకో మెట్టు ఎక్కిన చప్పుడు వినిపించింది. ఆగి, ఇంకొకటి. చాలాసేపటి తర్వాత బ్రష్షు డబ్బా అంచుకు రాసిన చప్పుడు. ముద్ర మీద మొదటి పూత పడినట్టుంది. రంగు తుంపర ఒకటి ఆమె చెంప మీద పడింది.

"పక్కనున్న ముక్క కూడా అందేలా ఉంది," అన్నాడు పైనుంచి. నిచ్చెన ఆమె వీపు మీద కొంచెం పక్కకు ఊగింది. దిగకుండానే జరపడానికి, పాత అలవాటున నడుము ఊపబోయాడు.

"దిగు," అంది కొంగక్క. గొంతు పెంచలేదు. "దిగి, జరిపి, మళ్ళీ ఎక్కు."

"మళ్ళీనా?"

"మళ్ళీనే."

అతను దిగాడు. నిచ్చెన ఒక మూరెడు జరిపాడు. ఆమె డబ్బా మీదనే జరిగి, కాలు సర్దుకుని, మళ్ళీ వీపు ఆనించింది. తోలు పట్టీ బిగుసుకుని చిన్నగా కిర్రుమంది. అతను ఎక్కసాగాడు. మూడో మెట్టు దగ్గర ఆమె వీపును ఇంకాస్త నొక్కిపెట్టింది. వణుకు వచ్చింది, కిందటిసారి కన్నా సన్నగా, నాలుగో మెట్టు దాకా ఉండి, ఆ పైన ఆమె వీపుకు అందలేదు.